మేకల వెనక నడిచే కుక్క

గొర్రెలు కాసే కుక్కలకు విదేశాల్లో పోటీలు పెడతారట, బిరుదులిస్తారట, ఆ స్థాయిలేమిటో మన పాఠకులకు అర్థమయ్యేలా రాసివ్వమని సంపాదకుడు అడిగారు. పని చేసే కుక్కను ముందు మన కొండల్లో చూసి రాద్దామనిపించింది. అరకు నుంచి ముంచంగిపుట్టు వెళ్ళే దారిలో రోడ్డు వదిలి కొండెక్కితే ఒక గూడెం వస్తుంది. అక్కడ బడిపంతులుగా ఉన్న మిత్రుడు తీసుకెళ్ళాడు. ఆయన ఊరంతా తిప్పి చూపిద్దామనుకున్నాడు గానీ, నేను మేకలు కాసే తాత దగ్గరే ఉండిపోయాను.

తాత బండమీద కూర్చుని అడ్డనారతో తాడు పేనుతున్నాడు. మేకలు గూడెంలో అందరివీ. కాసినందుకు ఇంటింటికీ ఇన్ని చోళ్ళు కొలుస్తారు. ఆయన మేకలవైపు చూడడం లేదు, అరచేతుల మధ్య నార తిరుగుతూనే ఉంది. పొదల్లోంచి కర్రగంటల చప్పుడు వస్తోంది. ఒక గంట ఆగితే ఆ చేతులు కూడా ఆగుతున్నాయి. మళ్ళీ మోగగానే నార కదులుతోంది. చూపు ఆనని ఆ తుప్పల్లో మందను ఆయన చెవితోనే లెక్కపెడుతున్నాడని కాసేపటికి తెలిసింది.

కుక్క ఎర్రటిది. చెవులు నిక్కి, తోక వీపుమీదికి చుట్టుకుని ఉంది. మేకలకూ రాజ్‌మా చేనుకూ మధ్య పడుకుంది. ఒక పోతు చేనువైపు నాలుగడుగులు వేసింది. కుక్క లేచింది, మొరగలేదు, పరుగెత్తలేదు, నడిచి వెళ్ళి దానికి అడ్డంగా నిలబడింది. పోతు కాసేపు నిలిచి చూసి వెనక్కి మళ్ళింది. ఇదంతా జరుగుతున్నా తాత చేతులు ఆగలేదు.

"ఎవరు నేర్పారు తాతా?" అని అడిగాను.

"నాను నేర్పనేదు బాబూ. దీని తల్లి ఎనకాల తిరిగింది, అంతే."

మంద కాసే కుక్క పనిని బ్రిటన్‌లో మొదట కొలిచింది వేల్స్. 1873 అక్టోబరులో బాలా అనే ఊళ్ళో, బ్రిటన్‌లో మొదటిదిగా చెప్పుకునే గొర్రెల కుక్కల పోటీ జరిగింది. ట్వీడ్ అనే కుక్కతో జేమ్స్ థామ్సన్ అనే స్కాట్లండు కాపరి గెలిచాడు. 1906లో అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ పుట్టింది. ఆ సంప్రదాయంలో మార్కులు నూటికి. కుక్క మందను బెదరగొట్టకుండా దూరంగా చుట్టి వెనక్కి చేరితే 20, మందను మెల్లగా కదిలిస్తే 10, కాపరి దగ్గరికి తెస్తే 20, ఆయనకు దూరంగా చెప్పిన దారిలో తోలితే 30, కొన్నిటిని మందలోంచి విడదీస్తే 10, దొడ్లో పెడితే 10. లేత కుక్కలకు నర్సరీ, తర్వాత నోవిస్, పైన ఓపెన్. అన్నిటికన్నా పైదైన సుప్రీం ఛాంపియన్‌షిప్ చివరి రోజున కుక్క ఒక పది గొర్రెలను తెచ్చి వదిలి, వెనక్కి తిరిగి ఇంకో పదింటిని వెతికి తేవాలి. ఆ ఇరవైలోంచి మెడపట్టీ ఉన్న అయిదింటినే విడదీసి దొడ్డికి చేర్చాలి.

అమెరికన్ కెన్నెల్ క్లబ్ పద్ధతి వేరు. అక్కడ మొదటి రెండు మెట్లూ, హెర్డింగ్ టెస్టెడ్, ప్రీ-ట్రయల్ టెస్టెడ్ అనేవి, పాసా ఫెయిలా చెప్పే పరీక్షలు. ఆపైన మార్కుల పోటీల్లో వచ్చే బిరుదులు: స్టార్టెడ్, ఇంటర్మీడియట్, ఎక్సలెంట్. ఒక్కో బిరుదుకు ముగ్గురు వేర్వేరు న్యాయనిర్ణేతల దగ్గర మూడుసార్లు అర్హత మార్కులు రావాలి. ఎక్సలెంట్ దాటి 15 పాయింట్లు కూడబెడితే ఛాంపియన్. పాఠకుడు గుర్తుంచుకోవలసిన తేడా ఒక్కటే. ఛాంపియన్ మినహా ఈ బిరుదులు ఒక ప్రమాణానికి తూగితే వస్తాయి, పక్క కుక్క ఎలా చేసిందన్నది వాటికి అడ్డు రాదు. ఓపెన్ పోటీలో గెలుపు మాత్రం ఆ రోజు ఆ మైదానంలో ఉన్న కుక్కలన్నిటినీ దాటితేనే.

పశువుల పనికి స్థాయిలు పెట్టడం మనకు కొత్త విషయమేమీ కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, జూనియర్స్, సీనియర్స్ అన్న విభాగాలు కంఠతా వచ్చు. ఏ జత ఎన్ని అడుగులు లాగిందో ఊరూరా చెప్పుకుంటారు. ఒంగోలు గిత్తను గౌరవంగా పెంచే రైతు ఇంకా ఉన్నాడంటే అందులో ఆ పోటీల పాలు పెద్దదని నా నమ్మకం. ఎద్దుకు అన్ని మెట్లు కట్టిన మనం మంద కాసే కుక్కకు ఒక్క మెట్టూ కట్టలేదు.

అలాగని బాలా పోటీని తెచ్చి అరకులో పెట్టమని నేననను. అది బయలు గడ్డిమీద, కాపరి ఈల అందేంత దూరంలో, గొర్రెలతో జరిగే పని. ఇక్కడ కుక్క తుప్పల్లో కనబడదు. చిరుత తిరిగే చోట మందను వదలకపోవడం, చెప్పేవాడు లేకపోయినా చేను కాయడం, ఆగిన గంట దగ్గరికి తనంతట తాను వెళ్ళడం దీని విద్య. పరీక్ష పెడితే వీటికే పెట్టాలి. మార్కులు వేసేవాళ్ళలో తాతలాంటివాడు ఒకడుండాలి.

మధ్యాహ్నం అంబలి తెచ్చిన కోడలు నాతో కాదు, పంతులుతో అంది: "మేకలకి సూదులెయ్యడానికొస్తారు. కుక్క కాడికెవులూ రారు. పోయినేడు దీని తోడుది పిచ్చెత్తి సచ్చిపోనాది. పిల్లలున్న ఇల్లు, ఎంత బయపడ్డామో." పంతులు తలదించుకున్నాడు. నాకు కోపమొచ్చింది, ఇప్పటికీ ఉంది. మేకకు పారుడు రోగం టీకా మోసుకుని కొండెక్కే చేతికి అదే పెట్టెలో రేబిస్ టీకా మరో బరువా? ఆ మేకను కాసేది ఈ కుక్కే కదా.

తాత మనవడు ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నాడు. చదవాల్సిందే. వాణ్ణి మేకల వెనక్కి రమ్మనే హక్కు ఎవరికీ లేదు. కానీ తాత చెవిలో ఉన్న లెక్కను ఎవరూ రాసుకోలేదు. తల్లి కుక్క వెనక తిరిగి నేర్చే పిల్లలకు, తిరగడానికి మందంటూ ఉండాలి. ముసలి కుక్క, పిల్లకుక్క కలిసి నడవని ఏడు వస్తే ఆ విద్య అక్కడితో తెగిపోతుంది, మళ్ళీ అతకదు.

హిమాచల్‌లో గద్దీ కాపరుల కుక్కకు 2025లో గుర్తింపు వచ్చింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ తర్వాత దాన్ని నాలుగో దేశీయ కుక్కజాతిగా నమోదు చేసింది. గుర్తింపు రావాలంటే ముందు ఎవరో ఒకరు కొండెక్కి కొలవాలి. తూర్పు కనుమల కుక్క ఒక జాతి అవునో కాదో కొలిచాకే తేలుతుంది. అది చేస్తున్న పనికి మాత్రం ఆ తీర్పుతో నిమిత్తం లేదు.

విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులకూ అధ్యాపకులకూ నా విన్నపం: ఈ చలికాలం అరకు కొండల గూడేలకు రండి. కుక్కలకు రేబిస్ టీకాలు వేయండి, వాటి ఎత్తూ రంగూ కొలవండి, కాపరి పక్కన ఒక పూట కూర్చుని ఆయన చెప్పేది రాసుకోండి. దారి చూపించడానికి మా పంతులు సిద్ధంగా ఉన్నాడు.