పూసేది తక్కువ, తీసేది ఎక్కువ

వానలు మొదలయ్యాక పశువుల ఆసుపత్రికి ఒళ్లు గోక్కునే కుక్కల రాక పెరుగుతుంది. కృష్ణా డెల్టాలోని ఓ పట్టణంలో నేను వెళ్లిన ప్రభుత్వ పశువైద్యశాలలోనూ అదే వరస. ఒకపక్క చూలు పరీక్షకు తోలుకొచ్చిన గేదెలు, ఇంకోపక్క వేపచెట్టు కింద గొలుసులు పట్టుకుని నిలబడ్డ జనం.

ముందుగా బల్ల ఎక్కింది ఒక లాబ్రడార్. ఎడమ చెవి కింద బొచ్చు తడిసి అట్టకట్టింది. "నిన్న పొద్దున రూపాయి బిళ్లంతే ఉంది మేడమ్, ఇవాళ చూస్తే ఇంతయింది" అంటూ యజమానురాలు అరచెయ్యి చూపించారు. ఆమె స్కూల్లో టీచరు. రాత్రి కొబ్బరినూనెలో పసుపు కలిపి పట్టు వేశారట. వేసిన కాసేపటికే కుక్క వెనక్కాలితో గీరి గీరి రసి కార్చుకుంది.

డాక్టరమ్మ మందు జోలికి పోలేదు. ట్రిమ్మర్ అందుకున్నారు. బొచ్చు తీస్తున్నకొద్దీ పుండు అంచు వెనక్కి జరుగుతూనే ఉంది. పైకి అరచేతంత కనబడింది లోపల రెండింతలు తేలింది. ఎర్రగా, చెమ్మగా, అంచున పసుపుపచ్చటి రసి ఎండి పెచ్చులు కట్టి ఉంది. కుక్కల్ని పెంచేవాళ్లు హాట్‌స్పాట్ అనేది దీన్నే. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటి దట్టమైన బొచ్చు జాతుల్లో ఎక్కువ. దురద పుట్టి కుక్క గోకుతుంది, కొరుకుతుంది. చర్మం చెదిరిన చోట మామూలుగా ఒంటిమీదే ఉండే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా విజృంభిస్తుంది. దాంతో దురద ఇంకా పెరుగుతుంది. కొన్ని గంటల్లోనే ఇంతవుతుంది.

"నూనె రాస్తే తడి లోపలే ఉండిపోతుందమ్మా. దీనికి గాలి తగలాలి" అన్నారు డాక్టరు. ఇంటి వైద్యంలో అసలు కిటుకు ఇదే. పుండు చుట్టూ బాగున్న చర్మం కనబడేదాకా బొచ్చు తీయాలి. కత్తెర వద్దు, వాచిన చర్మం తెగుతుంది. పల్చటి క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంలో ముంచిన గాజుగుడ్డతో రోజుకు రెండు మూడుసార్లు తుడవాలి, కంట్లోకీ చెవిలోకీ పోనివ్వకూడదు. తర్వాత రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. కట్టు కట్టకూడదు. మెడకు గరాటులాంటి కోన్ వేయాలి. కోన్ చూస్తే మనకు జాలేస్తుంది గానీ, అది లేకుండా చేసిన వైద్యమంతా ఒక్క రాత్రి గోకుడుతో మొదటికొస్తుంది.

మనిషి మందులు కుక్కకు ఎందుకు పనికిరావో కూడా డాక్టరు ఓపిగ్గా చెప్పారు. మన పైచర్మంలో పది పదిహేను వరసల కణాలుంటే కుక్కకు మూడు నుంచి ఐదే. దాని చర్మానికి మన చర్మమంత ఆమ్లగుణం ఉండదు, అందుకే మన సబ్బు పడదు. పైగా పూసిందేదైనా నాలుకకు అందితే కడుపులోకి పోతుంది. పసిపిల్లలకు రాసే జింక్ ఆక్సైడ్ క్రీములు నాకితే విషమవుతాయి. సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రియాల్ కొద్దిగా మింగినా ప్రాణాలకే ముప్పు. నొప్పి తగ్గుతుందని ఐబుప్రోఫెన్ మాత్ర వేయడమూ అలాంటిదే. ఈ మాట ప్రతి మందుల షాపు గోడ మీదా రాసిపెట్టాలనిపించింది.

తర్వాత ఓ కుర్రాడు వీధికుక్కను గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. ఒళ్లంతా బొచ్చు ఊడి, నల్లగా జిడ్డోడుతోంది. గజ్జికి మెకానిక్ షెడ్డులోంచి తెచ్చిన కాలిన ఇంజన్ ఆయిల్ పూశారు. మన ఊళ్లలో పాతుకుపోయిన వైద్యమిది, ఇంత క్రూరమైనది మరొకటి లేదు. ఆ నూనె చర్మంలోంచీ నాలుక ద్వారానూ ఒంట్లోకి దిగుతుంది. గజ్జి పురుగు చర్మం లోపల సొరంగాలు చేసుకుని ఉంటుంది. దానికి ఇప్పుడు బరువును బట్టి ఇచ్చే నమిలే మాత్రలున్నాయి. "ముందు ఆ జిడ్డు వదలాలి బాబూ. గ్లోవ్స్ వేసుకుని కడుగు, ఈ గజ్జి నీకూ అంటుకుని దురద పెడుతుంది" అన్నారు డాక్టరు.

నడుం మీదా తోక మొదట్లోనూ గోకుతుంటే మాత్రం మొదట అనుమానించాల్సింది ఫ్లీలనే, బొచ్చులో చురుగ్గా పరుగెత్తే సన్నటి నల్లపురుగుల్ని. ఒంటిమీద కనబడేవి మొత్తంలో సుమారు 5 శాతమే. మిగతావన్నీ గుడ్లు, లార్వాలు, ప్యూపాలుగా పడుకునే గుడ్డల్లో, సోఫా సందుల్లో ఉంటాయి. అందుకే కుక్కతోపాటు పడక గుడ్డలకూ వేడినీళ్ల ఉతుకు పడాలి. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ కలిసిన కుక్కమందు తేకూడదు, అది పిల్లిని చంపగలదు.

ఇంతకీ లాబ్రడార్‌కు దురద ఎందుకు పుట్టినట్టు? డాక్టరు చెవి డొప్ప ఎత్తారు. లోపల ముదురు గోధుమరంగు గులిమి, పులిసిన వాసన. దూదిపుల్లతో కాస్త తీసి గాజుపలక మీద దొర్లించి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూడమన్నారు. నడుము నొక్కుకుపోయిన వేరుశనక్కాయల్లా మలసేజియా అనే ఈస్టు కణాలు గుంపులు గుంపులుగా కనిపించాయి. చెవిలో దురద, చెవి కింద పుండు.

టీచరు గారికి చెవి చుక్కలు రాసిచ్చి, పుండు ఆరినా చుక్కలు మధ్యలో మానొద్దని రెండుసార్లు చెప్పారు. పుండు మళ్లీ పాకినా, చీము పట్టినా, కుక్క తిండి మానేసినా ఇంటి వైద్యం ఆపి వెంటనే తీసుకురమ్మన్నారు. స్నానం చేయించాక చెవులు తప్పకుండా తుడవమన్నారు. ఆవిడ అవన్నీ ఫోనులో రాసుకుంటుంటే, పక్కన ఒక జర్మన్ షెపర్డ్‌ను బల్ల ఎక్కిస్తున్నారు.