తొమ్మిదో తరగతి గడప

బెంగళూరు ప్రైవేటు బడుల్లో ఫీజు రాయితీకి తల్లిదండ్రులు ఎలా దరఖాస్తు చేసుకుంటున్నారో చూసి రాయమని సంపాదకులు పంపారు. నేను వెళ్లిన బడిలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. నోటీసు బోర్డు మీద రాయితీ అన్న మాటే కనిపించలేదు. అసలు పని కృష్ణరాజపురంలోని ఒక చిన్న జిరాక్సు అంగడిలో జరుగుతోంది. ఆ అంగడి నడిపే ఆవిడ చేతుల మీదనుంచి చూపు తిప్పుకోవడం కష్టం. అనంతపురం జిల్లాలో ఇచ్చిన రేషన్ కార్డు మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. దాన్ని అరచేత్తో మెల్లగా సాపు చేసి, అద్దం మీద పెట్టి, నలుపు పడకుండా పైన తెల్లకాగితం కప్పి నకలు తీసింది. ఆదాయ ధ్రువపత్రం మీది ఆర్‌డి నంబరును ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదువుకుంటూ ఫారంలో రాసింది. బాడుగ అగ్రిమెంటు, ఆధార్ నకళ్లు, మార్కుల కార్డు వరసగా పేర్చి, అంచులు బల్లకు కొట్టి సమం చేసి పిన్ను వేసింది. ఒక్క నకలు సరిగా కనపడకపోయినా కట్ట మొత్తం పక్కన పెట్టేస్తారని ఆమెకు తెలుసు.

బడి ఇచ్చిన జాబితాలో ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో టిక్కు పెడుతూ వచ్చి రెండు చోట్ల ఆగింది. మూడు నెలల జీతం చీటీలు, ఆదాయపు పన్ను రిటర్ను. ఎదురుగా నిలబడిన తల్లి అంది: “మా ఆయన బేల్దారి పనికి పోతాడక్కా. శనివారం మేస్త్రి బటవాడా ఇస్తే తెచ్చి నా చేతిలో పెడతాడు. జీతం చీటీ అంటే యాణ్ణించి తేవాల?” ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే. పేదరికాన్ని రుజువు చేయమని అడుగుతూ, పేదవాళ్ల దగ్గర ఎన్నటికీ ఉండని కాగితాన్నే రుజువుగా కోరడం అన్యాయం. అది కావాలని చేసినా, ఆలోచించక చేసినా, నష్టపోయేది పిల్లవాడే.

ఆ తల్లి కొడుకు ఈ బడికి ఎవరి దయతోనూ రాలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షను ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లను చుట్టుపక్కల ఉండే పేద, అణగారిన కుటుంబాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లుతుందని తీర్పు చెప్పింది, కర్ణాటక ఆ ఏడాదే అమలు మొదలుపెట్టింది. 2019 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నియమం మార్చింది: దగ్గర్లో ప్రభుత్వ బడో ఎయిడెడ్ బడో ఉంటే ప్రైవేటు బడి ఈ సీట్లు ఇవ్వనక్కర్లేదు. మే 31న హైకోర్టు దాన్ని సమర్థించింది. ఏటా లక్షకు పైగా ఉండే సీట్లు కొన్ని వేలకు పడిపోయాయి. అంటే 2018-19లో ఈ సీట్ల లాటరీలో పేరు వచ్చి ఒకటో తరగతిలో చేరినవాళ్లే ఆ తరగతిలో అలా చేరిన చివరి పెద్ద జట్టు. 2025-26తో వాళ్ల ఎనిమిదో తరగతి ముగిసింది. చట్టం ఇచ్చిన ఉచిత చదువూ అక్కడితో ముగిసింది. తొమ్మిది నుంచి పూర్తి ఫీజు కట్టాలి, లేదా రాయితీ కోసం అర్జీ పెట్టుకోవాలి. నిన్నటిదాకా హక్కుదారు, ఇవాళ అర్జీదారు. మధ్యలో ఆ ఇంటి సంపాదనలో మారింది ఏమీ లేదు.

ఎనిమిదితో ఎందుకు ఆగింది? చదువు పౌరుడి హక్కని సుప్రీంకోర్టు 1992లో చెప్పింది కర్ణాటక కేసులోనే. తుమకూరులోని ఒక ప్రైవేటు వైద్య కళాశాల ఏడాదికి 60,000 రూపాయలు అడిగితే మోహినీ జైన్ కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో కోర్టు ఆ హక్కును 14 ఏళ్ల వయసుదాకా అని హద్దు గీసింది. ఆ పద్నాలుగు రాజ్యాంగంలోని 45వ అధికరణం నుంచి వచ్చింది. 2002 సవరణతో వచ్చిన 21ఎ అధికరణంలోకీ, తర్వాత చట్టంలోకీ అదే నడిచి వచ్చింది. 1950లో ఎనిమిదేళ్ల చదువు పెద్ద ఆశయం. ఇవాళ పదో తరగతి పరీక్ష ఎస్‌ఎస్‌ఎల్‌సి లేకుండా పాలిటెక్నిక్ గేటు దాటలేం. కస్తూరిరంగన్ కమిటీ జాతీయ విద్యా విధానం 2019 ముసాయిదాలో విద్యాహక్కును పన్నెండో తరగతిదాకా పొడిగించమంది. 2020 విధానంలో అది లక్ష్యంగా మిగిలింది, చట్టం కాలేదు. ఎనిమిదేళ్లు చెయ్యి పట్టుకు నడిపించి, పరీక్ష రెండేళ్ల దూరంలో ఉండగా చెయ్యి వదిలేసినట్టయింది.

బడివాళ్ల వాదన తోసిపుచ్చదగ్గది కాదు. చట్టం ప్రకారం ప్రభుత్వం తిరిగి ఇచ్చేది బడి ఫీజు, లేదా ప్రభుత్వం తన బడిలో ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు, వీటిలో ఏది తక్కువైతే అది. కర్ణాటకలో అది ఏడాదికి 16,000 రూపాయలకు మించలేదు. మిగతా లోటు ఎనిమిదేళ్లు మేమే భరించాం, ఇంకా ఎంతకాలం అంటారు. ఒక విద్యార్థి ఖర్చు ఇంకో విద్యార్థి ఫీజులోంచి లాగకూడదని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పిందని గుర్తుచేస్తారు. నిజమే. అదే తీర్పు బలహీన వర్గాల విద్యార్థులకు ఫ్రీషిప్పుల రూపంలోనో స్కాలర్‌షిప్పుల రూపంలోనో తగిన ఏర్పాటు ఉండాలనీ అంది. పైగా ఈ బడుల్ని నడిపేవి చాలావరకు ట్రస్టులు, సొసైటీలు. చదువు చెప్పడం ధర్మకార్యమన్న లెక్కతో వాటికి ఆదాయపు పన్ను మినహాయింపు దొరుకుతుంది. ఆ మినహాయింపు జనం సొమ్ము. బేల్దారి కొన్న సిమెంటు బస్తా మీది పన్ను కూడా ఆ ఖజానాకే చేరుతుంది. కాబట్టి రాయితీ అంటే పక్కపిల్లల తల్లిదండ్రుల జేబులోంచి తీసి ఇవ్వడం ఒక్కటే కాదు, సమాజం ముందే ఇచ్చినదాంట్లో కొంత తిరిగి ఇవ్వడం కూడా.

ప్రభుత్వ హైస్కూలు ఉందిగా, అక్కడ చేరొచ్చుగా అనేవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వ హైస్కూలు తక్కువది కాదు, ఈ డబ్బంతా దానికే పెట్టాలన్న వాదనకూ బలముంది. ఒకటో తరగతి నుంచే అక్కడ చేర్చి ఉంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి. కానీ ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు మీడియంలో ఎనిమిదేళ్లు చదివిన పిల్లవాణ్ణి ఎస్‌ఎస్‌ఎల్‌సి ముంగిట కన్నడ మీడియం తరగతిలో కూర్చోబెట్టి, అది ప్రభుత్వ బడి మీద గౌరవమంటే నమ్మలేం. ఇక దొంగ ఆదాయపత్రాల భయం. ఉన్నవాళ్లు లేనివాళ్లమని రాయించుకోవడం జరుగుతుంది. అయితే జీతం చీటీ అడిగితే ఆ మోసం ఆగదు. వ్యాపారం చేసేవాడు సున్నా పన్ను రిటర్ను తేలిగ్గా తెచ్చిపెడతాడు. ఆగిపోయేది బటవాడా మీద బతికే ఇల్లు.

ప్రతిభ ఉంటే స్కాలర్‌షిప్ వస్తుందిలే అన్న ఊరడింపు కూడా వినిపిస్తుంది. దానికి బెంగళూరులో గొప్ప ఉదాహరణే ఉంది. ప్రకాశం ప్రాంతపు మోక్షగుండం ఊరిని ఇంటిపేరుగా మోసుకొచ్చిన తెలుగు కుటుంబంలో పుట్టిన విశ్వేశ్వరయ్య చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, ఇళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఇక్కడి సెంట్రల్ కాలేజీలో 1881లో బి.ఏ. ముగించారు. తర్వాత మైసూరు సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పుణెలో ఇంజనీరింగు చదివారు. వారాలు చేసుకుని చదువుకున్న తరాల కథలు మన ఇళ్లలోనూ ఉన్నాయి. అవి తల్చుకుని గర్వపడతాం గాని, వారం దొరకక చదువు మానేసినవాళ్ల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. ఒక్క విశ్వేశ్వరయ్య కోసం తలుపు తీయడం వేరు, మామూలు మార్కులు తెచ్చుకునే పిల్లవాడు కూడా పదో తరగతి దాటేలా చూడడం వేరు. బడి పని రెండోది.

ఇది అసాధ్యమేమీ కాదు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం నమోదుకు అడిగింది ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు ధ్రువీకరణ. జీతం చీటీ లేని మనిషి పనిని గుర్తించే దారి ప్రభుత్వం ముప్పై ఏళ్ల కిందటే వేసింది. ఆ కార్మిక కార్డునూ, తహసీల్దారు ఆదాయపత్రాన్నీ బడులు చాలిన రుజువుగా తీసుకోవాలి. లాటరీకి పనికొచ్చిన పత్రం రాయితీకి ఎందుకు పనికిరాదో చెప్పాల్సింది బడే. ఇదే నగరంలో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో ఎంత సాయం ఇస్తుందో ప్రవేశాలప్పుడే బాహాటంగా చెబుతుంది. బడులూ అలాగే ఎవరికి ఎంత తగ్గిస్తారో నోటీసు బోర్డు మీద పెట్టాలి, జూన్‌లో తరగతులు మొదలయ్యేలోపు అవునో కాదో రాతపూర్వకంగా చెప్పాలి. వీటిలో ఏదీ ఖర్చుతో కూడింది కాదు.

అంగడావిడ కాసేపు ఆలోచించి, ఒక తెల్లకాగితం తీసి ఆ తల్లి చెప్తుంటే రాసుకుంటూ పోయింది: ఏ సైటులో పని, వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎంత, వాన పడితే ఎన్ని రోజులు ఖాళీ, బాడుగ ఎంత, ఊరికి పంపేది ఎంత. చివర తల్లి వేలిముద్ర వేయబోతే వద్దని, పెన్ను చేతికిచ్చి సంతకం పెట్టించింది. కట్టలో ఆ ఇంటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పేది ఆ ఒక్క కాగితమే. జాబితాలో దానికి చోటు లేదు. ఆమె దాన్ని అన్నిటికంటే పైన పెట్టి, పిన్ను తీసి మళ్లీ వేసింది.