గ్యాలరీలో అమ్మ

మా చిన్నమ్మాయి కిందటేడాది జిల్లా బాడ్మింటన్ పోటీల్లో కప్పు పట్టుకొచ్చిన రోజున మా అత్తగారు దానికి దిష్టితీసి ఎర్రనీళ్ళు వీధిలో పారబోశారు. ఆ తీయడంలో ఏదో లోపం జరిగుండాలి. ఈ ఏడు మొదటి రౌండులోనే ఓడి ఇంటికొచ్చేసింది.

నేను నవలలు రాసేదాన్ని. నా కథానాయిక ఎన్ని కష్టాలు పడ్డా ఇరవయ్యో వారానికల్లా గట్టెక్కి తీరుతుంది; ఎక్కకపోతే పాఠకులు ఊరుకోరు. కడుపున పుట్టింది మాత్రం ఆ లెక్కకి లొంగదు. ఒక నెల తనకంటే పెద్దపిల్లల్ని చిత్తుగా ఓడిస్తుంది. మరుసటి నెల, నిన్నగాక మొన్న రాకెట్ పట్టిన పిల్ల చేతిలో 21-8!

కారణాలు లేకపోలేదు. పదమూడేళ్ళలోపు పిల్లల విభాగం దాటి పదిహేనేళ్ళలోపు వాళ్ళలో పడింది. పైగా ఏడాదిలో మూడంగుళాలు పొడుగు సాగింది. చెయ్యి అందే ఎత్తు మారింది, అడుగు పడే చోటు మారింది. "ఒళ్ళు కొత్తదమ్మా, దానికి అలవాటు పడాలి కదా" అన్నారు కోచ్. నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన గ్యాలరీలో కూర్చున్నప్పుడు గుర్తుంటుందా?

వెనకటికి ఈ ఆటలో సర్వీసు చేసేవాళ్ళకే పాయింటు వచ్చేది. 2006 నుంచీ సర్వీసు ఎవరిదైనా సరే, ప్రతి ర్యాలీకీ ఎవరికో ఒకరికి వచ్చేస్తుంది. అంటే మనపిల్ల షటిల్‌ని నెట్‌కి కొట్టిన ప్రతిసారీ అవతలి తల్లి చప్పట్లు కొడుతుందన్నమాట. ఆ షటిల్‌కి పదహారు ఈకలు. గట్టిగా కొడితే ఎంతోసేపు నిలవవు. డబ్బా ఖరీదు విన్నరోజు మా అత్తగారు, "బాతు ఈకలకా ఇంత? నెల కాఫీపొడి వస్తుందే" అని నోరు నొక్కుకున్నారు.

ఓడిన రోజు ఆటోలో వస్తూ ఊరుకోలేక ఉపన్యాసం మొదలెట్టాను. "గోపీచంద్ మోకాలికి ఆపరేషన్లయ్యాక కూడా 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు, తెలుసా?"

అది రోడ్డుకేసి చూస్తూ, "నా మోకాలికేం కాలేదమ్మా. పాయింటు పోయినప్పుడల్లా నువ్వు తల పట్టుకుంటావు. నేను షటిల్‌ని చూడాలా, నిన్ను చూడాలా?" అంది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. "నిజంగా పట్టుకుంటానా?" అని మావారిని అడిగాను. "ఊఁ" అన్నారు పేపరు దించకుండా. ఈయనెప్పుడూ అంతే, అవసరమైన చోట ఒక్క అబద్ధమూ ఆడరు.

తర్వాతి పోటీకి నవల ప్రూఫులు పట్టుకెళ్ళి స్తంభం చాటున కూర్చున్నాను. తలెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రెండు నిమిషాలు నిలిచిందా ఒట్టు.

ఆట అయ్యాక చెమటలు కారుతూ పరుగెత్తుకొచ్చింది. "ఓడిపోయానమ్మా. కానీ మూడో గేమ్ దాకా లాగాను. చూశావా?"

"లేదే, ప్రూఫులు దిద్దుకుంటున్నా" అన్నాను.

నా చేతిలోని ఎర్రపెన్ను వంక చూసింది. దానికింకా మూత తీయలేదు. ఏమనుకుందో, ఆ మాటెత్తలేదు.

"ఆకలేస్తోంది, పునుగులు కొనిపెట్టవూ?" అంది.