టికెట్ వాళ్లది, ఖర్చు ఎవరిది?

మన సంఘం ఎన్నికల్లో చందా కట్టినవాళ్లే ఓటేస్తారు, ఖర్చు సంఘానిదే. దాన్ని ఊరంతా భరించాలని మనం అడగం కదా. పార్టీలకూ అదే లెక్క ఉండాలని మేం అంటాం.

2014 లోక్‌సభ ఎన్నికల ముందు కాంగ్రెస్ పార్టీ మన పక్కనున్న బెంగళూరు ఉత్తరంలో అభ్యర్థిని పార్టీ ప్రతినిధుల ఓట్లతో ఎంచుకుంది. మంచి ప్రయత్నమే. బాగేపల్లిలో, చింతామణిలో ఎవరికి టికెట్ ఇవ్వాలో మాత్రం మామూలు ఓటరును ఏ పార్టీ అడుగుతుంది?

ఇలాంటి ఎంపికకు సర్కారు డబ్బులివ్వాలంటే మేం ఒప్పుకోం. లెక్కలు సరిగ్గా చూపే పార్టీల ఆదాయానికి 1961 ఆదాయపు పన్ను చట్టం, 13ఏ సెక్షన్‌లో, మినహాయింపు ఇచ్చింది. అదీ ఒకరకంగా మన సొమ్మే. ఇంకా కావాలంటే, ఏ పార్టీలోనూ లేని చిక్కబళ్లాపురం రైతుకూ అక్కడ ఓటుండాలి. తలుపేసుకుని జరుపుకుంటామంటే చందాలు వసూలు చేసుకోనీ. వచ్చే మీటింగులో మీ మాట చెప్పండి.