బావగారి నవ్వు

జూన్ 9, 2025, సోమవారం

రాత్రి అక్క ఫోను. మేనత్తగారు పోయారన్న కబురు చెబితే బావగారు పగలబడి నవ్వారట. ఊపిరందక దగ్గొచ్చేదాకా నవ్వారట. ఆయన్ని పెంచి పెద్ద చేసిన మనిషి ఆవిడ. "మీ బావకి మతి కూడా పోతోందిరా" అని ఒకటే ఏడుపు. ఏఎల్‌ఎస్ (కండరాలను నడిపే నాడీకణాలు క్షీణించే జబ్బు) అని తేలినప్పుడు, చేతులు సన్నబడినప్పుడు, మాట ముద్దయిపోయినప్పుడు కూడా అక్క ఇంత బెంబేలెత్తలేదు.

జూన్ 11

అక్కావాళ్ల ఊరు సామర్లకోట వెళ్లొచ్చాను. బావగారి కుడిచేతి వేళ్లు ఇంకా కాస్త ఆడుతున్నాయి. ఫోనులో టైపు చేసి చూపించారు: "మొహం నవ్వింది. నేను నవ్వలేదు."

ఇంతకంటే స్పష్టంగా ఏ డాక్టరూ చెప్పలేడు. దీనికి సూడోబల్బార్ ఎఫెక్ట్ అని పేరు. ఈ జబ్బులో చాలామందికి వస్తుంది. లోపలి బాధకీ పైకొచ్చే నవ్వుకీ లంకె తెగిపోతుంది. నవ్వు, ఏడుపుల మీద పెద్దమెదడుకున్న అదుపు తప్పడమే కారణమని పాత వివరణ. 2001లో పర్వీజీ, డమాసియో బృందం చిన్నమెదడు పేరు కూడా ముందుకు తెచ్చింది. ఎక్కడ ఎంత నవ్వాలో, ఎంత ఏడవాలో సందర్భాన్ని బట్టి సరిచూసేది అదేననీ, పెద్దమెదడు నుంచి దానికి వెళ్లే దారులు దెబ్బతింటే ఆ సరిచూపు పోతుందనీ వాళ్ల వాదన. బావగారిని చూశాక నాకు అది బలంగా తోస్తోంది.

జూన్ 14

జువాలజీ పాఠాల్లో చిన్నమెదడుకి దక్కేది రెండు వాక్యాలు: ఒంటి తూకం, కండరాల పొందిక. ఇది చాలా అన్యాయం. పరిమాణంలో మెదడులో పదోవంతే అయినా, మొత్తం 8,600 కోట్ల నాడీకణాల్లో దాదాపు 6,900 కోట్లు అందులోనే ఉన్నాయి. ఇన్ని కణాలు ఒట్టి నడక కోసమేనా?

1998లో ష్మామాన్, షెర్మన్ అనే పరిశోధకులు చిన్నమెదడు జబ్బులున్న 20 మందిని పరీక్షించారు. పని వరస పెట్టుకోవడం, మాట వెతుక్కోవడం, సమయానికి తగ్గట్టు ప్రవర్తించడం, అన్నిట్లోనూ తేడా కనిపించింది. గ్లాసు అందుకోబోయిన చెయ్యి దాన్ని దాటిపోయినట్టే ఆలోచన కూడా గురి తప్పుతుందని ష్మామాన్ భావన.

ఏఎల్‌ఎస్ చిన్నమెదడు జోలికి రాదని చాలాకాలం అనుకున్నారు. 2011లో బయటపడ్డ సి9ఆర్ఫ్72 జన్యుదోషం ఆ నమ్మకాన్ని కదిలించింది. అది ఉన్నవాళ్ల చిన్నమెదడు కణాల్లో పి62 అనే ప్రొటీన్ ముద్దలు ప్రత్యేకంగా కనిపిస్తాయి. ఈ దోషం యూరప్‌లో ఎక్కువ, మన దగ్గర తక్కువ. అటాక్సిన్-2 జన్యువు కథ ఇంకా విచిత్రం. అందులో ఒక మూడక్షరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ వరస కొంచెం పొడుగైతే ఏఎల్‌ఎస్ ముప్పు పెరుగుతుంది, ఇంకా పొడుగైతే చిన్నమెదడే క్షీణించే మరో జబ్బు వస్తుంది. రెండు జబ్బులకీ మధ్య గోడ మనం గీసుకున్నంత మందంగా లేదు.

అలాగని అంతా చిన్నమెదడు మీదకే నెట్టకూడదు. ఈ జబ్బు వల్ల ఆలోచన మందగించడంలో పెద్దమెదడు ముందుభాగం పాత్రే ఎక్కువ. ఈ జబ్బున్నవాళ్లకి తీసిన కొన్ని స్కానింగుల్లో చిన్నమెదడు మామూలుకంటే ఎక్కువ పనిచేస్తూ కనిపించింది. తక్కిన భాగాల లోటు పూడ్చే ప్రయత్నం కావచ్చని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

జూన్ 17

డాక్టరుగారు నవ్వు అదుపులోకి రావడానికి డిప్రెషన్ మందు తక్కువ మోతాదులో రాశారు. అక్క అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు: "ఇలా అవుతుందని ముందే ఒక్కమాట చెప్పొచ్చు కదరా?" చెప్పాలి. ఈ జబ్బున్నవాళ్లలో ఇంచుమించు సగం మందికి ఆలోచనలోనో ప్రవర్తనలోనో ఎంతో కొంత మార్పు వస్తుంది. అది తెలియని ఇంట్లో జబ్బు చేసే పనికి మనిషి మాట పడతాడు.

జూన్ 21, శనివారం

మందు కొంత పనిచేస్తున్నట్టుంది. ఇక బావగారికి జ్ఞాపకం, ఆలోచన పరీక్షలు చేయించాలి. ఫలానా అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు, మాట రాకపోతే రాయమంటారు. రాయడానికి పట్టే సమయాన్ని లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి చేతి బలహీనత ఆలోచన లోపంగా లెక్కకు రాదు. పొట్టలోకి గొట్టం వేయించుకోవాలా, రాత్రిపూట ఊపిరికి మాస్కు పెట్టుకోవాలా అన్నవి ఆయనే తేల్చుకోవాల్సిన సంగతులు. ఆలోచన తేటగా ఉన్నప్పుడే అడగాలి. ఈ పరీక్షలు అక్క మొదట వద్దంది, తర్వాత ఆయన్నే అడిగింది. ఆయన సరేనన్నారు. గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.