నుంగంబాకంలో ఒక ఆదివారం

మదరాసు పేరు చెన్నైగా మారి ముప్ఫై ఏండ్లు కావస్తున్నా మా ఇండ్లలో ఇంకా మదరాసే. పాఠకులు ఈ అలవాటును మన్నింతురు గాక. ఊరి పేరు మారినా చోటు మారని సందర్భాలున్నట్లే, చోటు పూర్తిగా మారిపోయినా పేరు మాత్రం మిగిలిపోయే సందర్భాలూ ఉన్నవి. నుంగంబాకంలో లేక్ ఏరియా అని ఒక పేట ఉన్నది. అక్కడ చెరువు ఎక్కడుందని అడిగితే చిన్నపిల్లలు నవ్వుతారు. ఒకప్పుడు నుంగంబాకం మొదలు సైదాపేట వైపుకు సాగిన పెద్ద చెరువు ఉండేదనీ, దానిని పూడ్చుకుంటూ వచ్చి 1920లలో మా త్యాగరాయనగరు కట్టారనీ, మిగిలిన నుంగంబాకం భాగంలో 1970లలో వళ్ళువర్ కోట్టం లేచిందనీ పెద్దలు చెప్పగా విన్నాము. ఆ లెక్కన మాంబళంలో కాపురమున్న మేమందరమూ చెరువు గర్భంలో ఉన్నవారమే. వానాకాలం వచ్చినప్పుడు మాత్రం నీళ్ళు ఆ సంగతి మరచిపోకుండా వచ్చి మమ్మల్ని పలకరించి పోతుంటవి.

ఆ లేక్ ఏరియాకు ఆనుకొనే టెన్నిసు స్టేడియము ఉన్నది. 1995లో దక్షిణాసియా క్రీడలు మదరాసులో జరిగినప్పుడు దానిని కట్టారు. 2025 నవంబరు 2వ తేదీ, కార్తికమాసపు ఆదివారంనాడు, మేము మా మేనకోడలిని వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళినాము. మాంబళంలో ఎలక్ట్రిక్ రైలు ఎక్కితే కోడంబాకం దాటగానే నుంగంబాకం. దిగి, రోడ్డువెంట నడిచి, వళ్ళువర్ కోట్టం రాతిరథాన్ని చూస్తూ పోతే స్టేడియపు దీపస్తంభాలు కనపడతవి. ఇంత దగ్గరలో ఉన్నదానిని చూడడానికి ప్రయాణమనే పేరు పెట్టవచ్చునా అని పాఠకులు అడగవచ్చు. కాని ఆనాడు మేము పోయింది ఒక్క పేటకు మాత్రమే కాదు, పదిహేడేండ్ల వెనుకకు కూడా. పైగా ఇంట్లో ఒక సంగతి తేలవలసి ఉండడంవల్ల ఆ దారి మాకు మామూలుకంటె పొడుగ్గానే తోచింది.

సంగతి ఏమిటంటే, మా మేనకోడలికి పధ్నాలుగేండ్లు. ఏడేండ్లనుండి టెన్నిసు ఆడుతున్నది. బాగానే ఆడుతుందని నేర్పేవారు అంటారు. బూట్లు ఏడాదికి మూడు జతలు అరుగుతవి. రాకెట్టుకు గట్టు తెగినప్పుడల్లా ఖర్చు. పోటీకని కోయంబత్తూరో బెంగుళూరో పోవాలంటే తోడుగా ఒకరు సెలవు పెట్టాలి. ఇది ఎంతకాలమని మా బావగారి ప్రశ్న. “పదో తరగతి వస్తున్నది, ఇక రాకెట్టు అటక మీద పెట్టమ్మా” అని ఆయన పండుగనాడు అనేశారు. పిల్ల ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. ఆ మౌనం చూసి మా చెల్లెలు, “అన్నయ్యా, దాన్ని ఒక్కసారి ఆ పెద్ద ఆట చూపించి తీసుకురా. తర్వాత సంగతి తర్వాత” అన్నది.

మేము ఆఫీసులో చేరిన కొత్తలో ప్రతి జనవరిలోనూ ఆ స్టేడియానికి పోయేవారము. 1997నుండి 2017వరకు, ఇరవైయొక్క సార్లు, ఏటా పురుషుల టూరు పోటీ అక్కడ జరిగేది. గుమాస్తా జీతానికి అందే టిక్కెట్టు పై మెట్ల మీదిది. అక్కడినుండి బంతి శనగగింజంత కనపడుతుంది. అయినా రాకెట్టుకు బంతి తగిలే చప్పుడు మాత్రం అందరికీ ఒకటే.

2008 జనవరి 5వ తేదీ సెమీఫైనలు మేము మరువలేనిది. రాఫెల్ నాదల్‌కు అప్పుడు ఇరవైయొక్కటి. కార్లోస్ మోయాకు ముప్ఫైయొకటి. ఇద్దరూ స్పెయిను దేశపు మయోర్కా ద్వీపంవారే. మోయా 2004లోనూ 2005లోనూ మన మదరాసులో గెలిచిన వీరుడు, ఊరివారికి ముద్దు. మూడు సెట్లూ టై బ్రేకుకు పోయినవి. మొదటిది మోయాది, తక్కిన రెండూ నాదల్‌వి. ఆట మూడు గంటల యాభై నాలుగు నిమిషాలు సాగింది. మా ప్రక్కన కూర్చున్న పెద్దాయన ఒక పాయింటుకు మోయా పక్షం, మరొక పాయింటుకు నాదల్ పక్షం. ఎందుకండీ ఇట్లా అంటే, “ఆట అయిపోకూడదు నాయనా, అంతే” అన్నాడు. మేము ఇల్లు చేరేసరికి ఇల్లంతా నిద్రపోతున్నది. మరునాడు ఫైనల్లో నాదల్‌కు కాళ్ళు ఆడలేదు. రష్యావాడైన యూజ్నీ 6–0, 6–1తో గెలిచాడు. గెలిచినవాడు మరునాటికి ఓడవచ్చుననేది మాకు ఆ రెండు దినాలలో అర్థమైన పాఠము.

పోటీ అంటే పగ అనుకొనేవారికి దీని తరువాతి కథ చెప్పాలి. 2016 చివరలో అదే మోయా అదే నాదల్‌కు శిక్షకుడుగా చేరి, 2024లో నాదల్ ఆట విరమించేవరకు వెన్నంటి ఉన్నాడు. నాదల్, ఫెడరర్ నలభైసార్లు ఎదురుపడ్డారు. నాదల్, జోకొవిచ్ అరవైసార్లు. ఫెడరర్, జోకొవిచ్ ఏభైసార్లు. ఒకడు లేకుంటే రెండవవానికి అంత పదును వచ్చేది కాదు. కత్తికి సానరాయి శత్రువా, స్నేహితుడా? 2022 సెప్టెంబరులో లండనులో ఫెడరర్ తన చివరి ఆట ఆడినప్పుడు, నాదల్ అతని జతగా దిగి, ప్రక్కన కూర్చొని కన్నీరు పెట్టుకున్నాడు. ఆ బొమ్మ మీరూ చూచే ఉంటారు.

ఇప్పుడు ఆ స్థానంలోకి కొత్తవారు వచ్చారు. స్పెయిను దేశపు కార్లోస్ అల్కరాజ్, ఇటలీ దేశపు యానిక్ సిన్నర్. 2024, 2025 రెండేండ్లలో పురుషుల గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు ఎనిమిదింటినీ ఈ ఇద్దరే చెరి నాలుగు పంచుకున్నారు. 2025 జూనులో పారిసు ఫైనలు అయిదు గంటల ఇరవైతొమ్మిది నిమిషాలు నడిచింది. ఓటమికి ఒక్క పాయింటు దూరంలో మూడుమార్లు నిలిచి కూడ అల్కరాజ్ గెలిచాడు. అయిదు వారాలకు వింబుల్డన్ ఫైనల్లో సిన్నర్ బదులు తీర్చుకున్నాడు. స్త్రీలలో వరుస వేరు. 2025లో నాలుగు పెద్ద పోటీలకు నలుగురు విజేతలు: కీస్, గాఫ్, ష్వియాంతెక్, సబలెంకా. అక్కడ తలుపు ఇంకా తెరిచే ఉన్నది. మా మేనకోడలు ఈ పేర్లన్నీ అష్టోత్తరంలాగా చదువుతుంది.

అయితే పైమెట్టు మీద ఎవరున్నారన్నది అందరికీ కనపడుతుంది. క్రిందిమెట్లు ఉన్నవా లేవా అన్నది ఎవరికీ పట్టదు. నుంగంబాకం గొప్ప అక్కడే ఉండేది. అది 250 తరగతి పోటీ. గెలిస్తే వచ్చేది 250 పాయింట్లు. మాస్టర్సులో వెయ్యి, గ్రాండ్‌స్లామ్‌లో రెండువేలు. లెక్కకు చిన్నదే. కాని స్విట్జర్లాండువాడు వావ్రింకా 2014 జనవరిలో ఇక్కడ గెలిచి, అదే నెలలో ఆస్ట్రేలియన్ ఓపెను గెలిచాడు. తరువాత కూడ మరచిపోక 2015, 2016లలో వచ్చి గెలిచాడు. 2011లోనిది కలిపితే నాలుగుసార్లు. మన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ 2009లో వైల్డుకార్డుతో ప్రవేశించి ఫైనలుదాకా పోయాడు. ఇంటి ముంగిట మెట్టు లేకుంటే అతనికి ఆ అవకాశం ఎక్కడిది? 2024 ఫిబ్రవరిలో ఇదే చోట చాలెంజరు పోటీ గెలిచి సుమిత్ నాగల్ మొదటి నూరుమందిలో చేరాడు. ఆ నూరులో ఉంటే గ్రాండ్‌స్లాములకు నేరుగా ప్రవేశం. లేకుంటే అర్హత పోటీలు ఆడి రావలసిందే.

2018లో ఆ పురుషుల పోటీ పూనాకు, బాలేవాడికి తరలిపోయింది. అక్కడి మన తెలుగు సోదరులు సంతోషించి ఉంటారు. మేము అసూయపడ్డామని ఒప్పుకుంటున్నాము. కాని ఆ సంతోషమూ 2023తో సరి. 2024నుండి సంవత్సరాది వారంలో ఆట హాంకాంగులో. టూరు ఎటు పోతున్నదో చూడండి. పెద్ద పోటీలు వారం చాలక పన్నెండు దినాలకు పెరుగుతున్నవి. 2028నుండి సౌదీ అరేబియాలో ఇంకొక మాస్టర్సు పోటీ మొదలుకావచ్చునని 2025 అక్టోబరులో ప్రకటించారు. మేము నుంగంబాకంలో కూర్చున్న ఆ వారమే రియాదులో స్త్రీల సంవత్సరాంతపు పోటీ జరుగుతున్నది. దాని బహుమతి మొత్తం కోటీ యాభై అయిదు లక్షల డాలర్లు. నుంగంబాకంలోది మూడు లక్షలకు లోపు. ఏడాదికి వారాలు యాభై రెండే. పెద్దవి పెరిగితే తరిగేవి చిన్నవే. చెరువును పూడ్చినవారు కూడ దానిని ఒక్కరోజులో పూడ్చలేదు.

సరే, ఆదివారం సంగతికి వద్దాము. ఇది స్త్రీల 250 పోటీ. 2022లో మొదటిసారి జరిగి, పదిహేడేండ్ల చెక్ పిల్ల లిండా ఫ్రుహ్‌విర్తోవా గెలిచింది. మధ్య రెండేండ్లు జరుగక, మళ్ళీ 2025లో వచ్చింది. తొలి దినాలలో వాన అడ్డుపడింది. ఆ వారమే మొంథా తుపాను కోస్తా జిల్లాలను తాకింది. మా బంధువుల క్షేమం కనుక్కొంటూనే ఆటల వార్తలు చదివాము. ఆదివారంనాడు ఫైనలు. ఆస్ట్రేలియా వనిత కింబర్లీ బిరెల్, ఇండొనీషియా వనిత జానిస్ జెన్. జానిస్ అమెరికాలో కాలేజీ చదువు చదువుకుంటూ ఆడి, ఆ తరువాత టూరుకు వచ్చిన మనిషి. 6–4, 6–3తో ఆమె గెలిచింది. ఇండొనీషియాకు టూరులో సింగిల్స్ టైటిలు 2002 తర్వాత మళ్ళీ అదే. ఆమె పుట్టింది కూడ ఆ 2002లోనే.

ఆట జరిగినంతసేపూ మా మేనకోడలు మాట్లాడలేదు. చివరకు మెల్లగా, “మామయ్యా, ఆవిడ కాలేజీలో చదివిందా? నిజంగానా?” అన్నది.

“అవునమ్మా.”

“అయితే నాన్నగారికి చదువు మానుతానని నేనెప్పుడు చెప్పాను?”

దానికి మా దగ్గర సమాధానం లేదు. ఇంట్లో ఎవరమూ ఆ పిల్లను అడుగలేదు. చదువా ఆటా అని మాలో మేమే వాదించుకున్నాము.

తిరుగు రైలులో మన తెలుగు ఆడపిల్లల మాట వచ్చింది. 2005 ఫిబ్రవరిలో సానియా మీర్జా హైదరాబాదు ఓపెను గెలిచి, టూరు సింగిల్స్ టైటిలు గెలిచిన మొదటి భారత వనిత అయినది. అదీ సొంత ఊరిలో, ఇటువంటి చిన్న పోటీలోనే. 2025 ఏప్రిలులో బిల్లీ జీన్ కింగ్ కప్పు ఆటలు పూనాలో జరిగినప్పుడు హైదరాబాదు పిల్ల భమిడిపాటి శ్రీవల్లి రష్మిక అయిదు సింగిల్సు ఆడి అయిదూ గెలిచింది. అదే ఏట ఫిబ్రవరిలో బొంబాయిలో కోయంబత్తూరు పిల్ల మాయా రాజేశ్వరన్ పదిహేనేండ్లకే సెమీఫైనలు చేరింది. “నాకంటె ఒక్క ఏడే పెద్ద,” అన్నది మా మేనకోడలు. ఆ మాటలో ఆశ ఎంత ఉన్నదో భయమూ అంతే ఉన్నది.

మేము ఆ పిల్లకు గొప్ప మాటలేమీ చెప్పలేదు. అందరూ జానిస్ కాలేరు. రామనాథన్ కృష్ణన్ 1960లో, 1961లో వింబుల్డన్ సెమీఫైనలుకు పోయి, రెండుమార్లూ ఆ ఏటి విజేత చేతిలోనే ఓడాడు. ఆ రోజుల్లో ఆ ఆటకు బహుమతి డబ్బు కూడ లేదు. అయినా ఆయన పేరు చెప్పగానే మదరాసు పెద్దలు ఇప్పటికీ వెన్ను నిటారు చేసి కూర్చుంటారు. ఆ కథ ఒక్కటే చెప్పాము.

ఇంటికి వచ్చాక మా బావగారు పేపరు మడిచి, “ఏమంటుంది?” అని మమ్మల్ని అడిగారు. “దాన్నే అడగండి బావా” అన్నాము. తండ్రీ కూతుళ్ళు వరండాలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏమి మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. కాఫీ అయ్యాక ఆయన లోపలికి వచ్చి, “పదో తరగతి పరీక్షలదాకా తెల్లవారుజామున మాత్రం ఆడుతుందట. బయటి ఊళ్ళ పోటీలు ఏడాదికి రెండే. మార్కులు తగ్గితే తానే మానేస్తుందట. నేనొప్పుకున్నాను” అన్నారు. తెగిన గట్టు ఇంకా తెగే ఉన్నది. అది వేయించే ఖర్చు ఈసారి మాది.

ఆ స్టేడియంలో వచ్చే ఏడు ఆట ఉంటుందో ఉండదో చెప్పగలిగినవారము కాము. ఉన్న ఏట మాత్రం, మదరాసులోని మన సంఘ సభ్యులు పిల్లలను వెంటబెట్టుకొని ఒకపూట పోయి పైమెట్ల మీదనైనా కూర్చొని రావలసిందని మా మనవి. చూచేవారు లేని మైదానాన్ని నిలుపుకోవడం కష్టము. లేక్ ఏరియాలో చెరువులాగా టెన్నిసు కూడ పేరుకే మిగిలిపోరాదు.