చెల్లు పడినా చెరగని పద్దు

అప్పు దావాలో సివిల్ కోర్టు ఇచ్చే డిక్రీకి, అంటే బాకీదారు ఇంత సొమ్మును వడ్డీతో, ఖర్చులతో సహా చెల్లించాలని తేల్చే ఉత్తర్వుకు, క్రెడిట్ నివేదికతో మన దేశంలో నేరుగా సంబంధం లేదన్న సంగతి చదువుకున్నవారిలోనూ చాలామందికి తెలియదు. ఆ నివేదికలు తయారుచేసే సంస్థలకు ఖాతాల వివరాలు పంపేవి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలే గాని కోర్టులు కావు. అందువల్ల ఊరి షావుకారు ప్రామిసరీ నోటు మీద డిక్రీ తెచ్చి బాకీదారు పొలాన్ని వేలం దాకా ఈడ్చినా అతని సిబిల్ స్కోరు చెక్కుచెదరకపోవచ్చు; క్రెడిట్ కార్డు మీద కొద్దిపాటి బకాయి మిగిల్చినవాడి స్కోరు మాత్రం అతడు కోర్టు మెట్లెక్కకుండానే పడిపోతుంది. బ్యాంకే దావా వేసినప్పుడు ఒకే బాకీకి రెండు పద్దులు ఏర్పడతాయి: కోర్టు రికార్డులో డిక్రీ, నివేదికలో ఆ ఖాతా ఎదుట ‘సూట్ ఫైల్డ్’ అన్న మాట. వీటిలో ఒకటి మూసినంత మాత్రాన రెండోది మూతపడదు.

కోర్టు పద్దును మూసే పద్ధతి 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో, 21వ ఆర్డరు 2వ రూలులో ఉంది. దావాకు ముందైతే నోటు వెనుక చెల్లు రాయించుకుంటే సరిపోతుంది. డిక్రీ అయిన తరువాత కోర్టు బయట సొమ్ము ముట్టజెబితే ఆ సంగతిని డిక్రీదారు కోర్టుకు ధ్రువీకరించాలి, లేదా బాకీదారే అర్జీ పెట్టుకుని నమోదు చేయించుకోవాలి. కోర్టు వాడుకలో దీనినే ‘ఫుల్ శాటిస్ఫాక్షన్’ రికార్డు చేయించడం అంటారు. బాకీదారు పెట్టే అర్జీకి గడువు ముప్పై రోజులే కాగా, డిక్రీని అమలు చేయించుకోవడానికి డిక్రీదారుకు పన్నెండేళ్ల గడువు ఉంది. నమోదు కాని చెల్లింపును అమలు జరిపే కోర్టు గుర్తించదు గనుక, నిజంగానే బాకీ తీర్చినవాడి మీద సైతం ఏళ్ల తరువాత అమలు పిటిషన్, అంటే వకీళ్ల భాషలో ఈపీ, పడే అవకాశం ఉంటుంది. ఈ రూలు కఠినమైనదే గాని అర్థం లేనిది కాదు. నోటిమాటగా చెప్పే చెల్లింపులన్నిటినీ విచారణకు తీసుకుంటే ప్రతి ఈపీ మరో దావాగా మారి డిక్రీకి విలువ లేకుండా పోతుంది. అయితే దాని బరువు చట్టం తెలియనివాడి మీదే ఎక్కువగా పడుతుందన్నది కాదనలేని సత్యం.

సమన్లు అందకుండానే ఎక్స్‌పార్టీగా, అంటే ప్రతివాది హాజరు లేకుండా, పాసైన డిక్రీని రద్దు చేయమని కోరవచ్చు. డిక్రీ రద్దయినా దావా తిరిగి విచారణకు వస్తుందే తప్ప కొట్టివేతకు గురికాదు, కనుక ‘సూట్ ఫైల్డ్’ అన్న మాట దానంతట అది తొలగిపోదు.

ఇక నివేదిక సంగతి. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం ప్రకారం తప్పును సరిదిద్దమని సిబిల్, ఎక్స్‌పీరియన్ వంటి సంస్థలను ఎవరైనా కోరవచ్చు గాని, రుణమిచ్చిన సంస్థ సరేననకుండా అవి అక్షరం కూడా మార్చవు. ఫిర్యాదు అందిన ముప్పై రోజుల్లో పరిష్కారం కాకపోతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించిన తరువాత ఈ వ్యవహారానికి కొంత చలనం వచ్చింది. అయితే సరిదిద్దించుకోగలిగేది తప్పును మాత్రమే. జరిగిన ఎగవేత తప్పుగా నమోదైన సమాచారం కాదు గనుక అది చరిత్రగా మిగులుతుంది. సొమ్ము తీసుకుని సిబిల్ శుభ్రం చేస్తామనే దళారులు ఈ భేదాన్ని సౌకర్యంగా మరచిపోతారు.

కోర్టు పద్దుకూ నివేదిక పద్దుకూ మధ్య భేదం లోక్ అదాలత్ రాజీలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దానిపై అప్పీలు లేదు, వివాదం అక్కడితో ముగుస్తుంది. కాని బ్యాంకు బాకీలో కొంత వదులుకుని రాజీపడినప్పుడు నివేదికలో ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని గాక ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది. పూర్తిగా రాబట్టుకోలేక ఇచ్చినంత తీసుకున్నామని తరువాతి బ్యాంకుకు ఆ ఒక్క మాట చెప్పేస్తుంది. ఇంగ్లండులో బాకీ తీర్పు వెలువడిన నెలలోపు మొత్తం చెల్లిస్తే ఆ తీర్పు నమోదును తీర్పుల రిజిస్టరు నుంచి పూర్తిగా తొలగిస్తారు, ఆలస్యమైతే చెల్లించినట్లు గుర్తువేసి ఆరేళ్లు ఉంచుతారు. వెంటనే తీర్చినవాడిని వేరుగా చూసే అలాంటి ఏర్పాటు ఇక్కడ లేకపోవడం లోపమే.

బ్యాంకులు మొండి బాకీలను ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలకు అమ్మివేయడం మామూలైనందువల్ల, దిద్దుబాటు ఎవరిని అడగాలన్నదే ఒక్కోసారి చిక్కుప్రశ్న అవుతుంది. అందుకే అనుభవమున్న వకీళ్లు రాజీ మెమోలోనే, ముట్టిన సొమ్ముకు డిక్రీదారు ఫుల్ శాటిస్ఫాక్షన్ దాఖలు చేయాలనీ, ఫలానా గడువులోగా ఖాతా స్థితిని మార్చి పంపాలనీ, ఏ మాటతో మార్చాలో ఆ మాటతో సహా రాయించి, ఆ తరువాతే చెక్కు అందించమంటారు.